పగిలితే అప్పుడను

లోవలక్ష్మి నోరు మంచిదని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. చెయ్యి మంచిదని మాత్రం పడనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. పెద్దాపురం దాటాక కాలువ పక్కనున్న ఆ కుమ్మరి వీధిలో ఇప్పుడు మట్టి ముట్టుకునే ఇళ్ళు రెండో మూడో మిగిలాయి. మిగతావాళ్ళు ఆటోలు తోలుకుంటున్నారు, షాపుల్లో చేరిపోయారు. లోవలక్ష్మి మాత్రం యాభై దాటినా పొద్దున్నే చీర ఎగ్గట్టి మట్టి తొక్కుతూ ఉంటుంది. తొక్కుతూ తిడుతుంది. కాలికి రాయి తగిలితే మట్టిని తిడుతుంది, మట్టి తోలిన ట్రాక్టరువాణ్ణి తిడుతుంది, ఎవరూ దొరక్కపోతే మొగుడు సత్తియ్య ఉండనే ఉన్నాడు.

సత్తియ్యది సారె మీద పని. సారె అంటే కుండలు చేసే చక్రం. వాళ్ళింట్లో ఆడది సారె ముట్టకూడదు. ఎందుకు ముట్టకూడదని కొత్తకోడలిగా వచ్చినప్పుడు లోవలక్ష్మి అడిగితే, "పుట్టింటోళ్ళు పెట్టిన సారె తెచ్చుకున్నావు కదే, ఈ సారె కూడా కావాలా నీకు?" అని అత్తగారు నవ్వేసిందట. అదీ సమాధానం. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, సారె మీద లేవని పెద్ద సరుకంతా ఆడవాళ్ళదే. మనిషి నడుం దాకా వచ్చే నీళ్ళ గోలేలు ఏ చక్రం మీద లేస్తాయి? అవి చేత్తో చుట్టాల్సిందే.

మట్టిని అరచేతుల మధ్య పామి తాడులా సాగదీస్తారు. దాన్ని అడుగు మీద గుండ్రంగా తిప్పి, లోపల బొటనవేలితో నొక్కి, దాని మీద ఇంకో చుట్టు వేస్తారు. బయటివైపు చెక్కతో తట్టి నున్నగా చేస్తారు గానీ లోపలివైపు వేలి గుర్తులు అలాగే ఉండిపోతాయి. అందుకే ఏ గోలెం ఎవరు చుట్టారో లోపల చెయ్యి పెట్టి చెప్పేస్తుంది లోవలక్ష్మి. ఈ పనిలో ఒకటే చట్టం. గోలెం నడుం ఆరాకే మెడ ఎత్తాలి. తొందరపడి పచ్చి నడుం మీద మెడ ఎత్తితే పైకి ఏమీ తెలియదు. నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆవంలో, అంటే కుండల బట్టీలో, పెట్టి కాల్చినప్పుడు నడుం దగ్గర పేలిపోతుంది, పేలుతూ పక్కనున్న కుండల్ని కూడా తీసుకుపోతుంది.

ఈ చట్టం కూతురు దుర్గాశ్రీకి అన్నప్రాశన నాడే చెప్పి ఉంటుందని వీధిలో నవ్వుకునేవాళ్ళు. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఆరబెట్టిన గోలేల్లో తల దూర్చి "అమ్మా!" అని అరిచేది. గోలెం కూడా "అమ్మా!" అనేది. పిల్ల కిలకిలా నవ్వేది. "దాని మూతి విరిగిందంటే నీ మూతి విరగ్గొడతానే!" అని లోవలక్ష్మి చెక్క పట్టుకుని వెంటబడేది. ఒక్క దెబ్బ కూడా ఎప్పుడూ వెయ్యలేదనుకోండి.

దుర్గాశ్రీ డిగ్రీ చదివింది. చదివి ఏ ఆఫీసులోనో కూర్చుంటుందనుకుంటే మళ్ళీ వచ్చి మట్టిలోనే కూర్చుంది. తల్లి గోలెం చుడుతుంటే ఫోన్లో వీడియో తీసి పెట్టింది. అది చూసి కడియం నర్సరీలవాళ్ళు తామరలు పెంచడానికి గోలేలు కావాలని వచ్చారు. కూతురి మీద లోవలక్ష్మికి ఎంత మురిపెమో అప్పుడు చూడాలి! మెచ్చుకోవడం మాత్రం చేతకాదు ఆవిడకి. "ఏడిసింది. ఇంకా చుట్టు సమంగా రావట్లేదు" అనేది.

తునిలో మోటార్లు రిపేరు చేసే గణేష్‌బాబుకిచ్చి పెళ్ళి చేశారు. మంచివాడు, నెమ్మదస్తుడు. తొలిచూలు కదా, పురిటికి పుట్టింటికి తీసుకొచ్చారు. వచ్చిన పిల్ల ఊరికే కూర్చుంటేనా! పొట్ట పట్టుకుని పీట మీద కూలబడి గోలెం మొదలెట్టింది.

"ఎవరికే ఇది?" అంది తల్లి.

"నా బిడ్డకి. దీంట్లో నీళ్ళతోనే స్నానం పోస్తాను. ప్లాస్టిక్ టబ్బులో పొయ్యను."

అంతలో ఊరి అమ్మవారి జాతర కుండల పని వచ్చిపడింది. అది ఏటా వాళ్ళింటి హక్కు. అత్తగారి అత్తగారి నాటినుంచీ అమ్మవారికి కుండలు ఆ ఇంటివే. ఇక్కడే ముడి పడింది. పురుడొచ్చిన ఇంట్లో జాతర కుండలు కాల్చకూడదు. పురిటిమంచం ముట్టుకున్న చెయ్యి ఆ ఆవం ముట్టకూడదు. లోవలక్ష్మి ఆలోచించింది, అత్తగారి మాటలు గుర్తు చేసుకుంది, చివరికి కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ ఒక్కసారికీ మీ అత్తోరింట్లోనే పురుడు పోసుకోవే. కుండలు అప్పజెప్పగానే వచ్చి నీ దగ్గరే ఉంటాను. అమ్మవారితో పెట్టుకుంటే మనకి మంచిదా చెప్పు?"

దుర్గాశ్రీ తన గోలెం వైపు చూసింది. "నా గోలెం అవ్వనియ్యి, వెళ్తాను" అంది.

అప్పుడే సామర్లకోటలో చుట్టాల పెళ్ళికి లోవలక్ష్మి వెళ్ళి రావలసి వచ్చింది. తిరిగొచ్చేసరికి గోలెం మెడ దాకా లేచిపోయి, మూతి కూడా తిప్పేసి ఉంది. వెళ్ళేటప్పుడు చూస్తే నడుం ఇంకా పచ్చిగానే ఉంది! గుమ్మంలో ఆటో ఆగి ఉంది, కూతురు బ్యాగు సర్దుకుంటోంది. లోవలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది.

"నడుం ఆరకుండా మెడెత్తేశావా? ఇన్నాళ్ళూ నేర్పింది ఇదేనా? ఇది కాల్తే పగిలిపోద్ది, రాసిపెట్టుకో!"

దుర్గాశ్రీకి తల్లి నోరూ వచ్చింది, తండ్రి మంకూ వచ్చింది. ఏమీ వివరం చెప్పలేదు. ఆటో ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "పగిలితే అప్పుడను" అంది. నవ్వుతూనే అంది.

ఆటో వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకున్న ఆఖరు మాట అదే.

తర్వాత గణేష్‌బాబు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారండీ, ఆడపిల్లండి! ఇద్దరూ బాగున్నారండి." లోవలక్ష్మి వీధి వీధంతా పంచదార పంచింది. దుర్గాశ్రీ ఫోన్ తీసుకుని మొట్టమొదట అడిగింది గోలెం సంగతే.

"అమ్మా, కాల్చావా?"

"జాతర కుండల మధ్య దాన్నెలా పెడతానే? అది పేలితే అమ్మవారి కుండలన్నీ పోతాయి. ఇవి కానియ్యి."

"సర్లే. నువ్వొకసారి వచ్చి చూసెళ్ళవే."

"రేపే ఆవం పెడతన్నామే తల్లీ. ముట్టుకుంటే మైల కదా. విప్పగానే రెక్కలు కట్టుకుని వచ్చేస్తాను."

"సర్లే అమ్మా" అంది పిల్ల.

ఆవం మండుతూ ఉండగా మళ్ళీ ఫోన్ వచ్చింది. జ్వరం అన్నారు, రక్తం ఆగట్లేదు అన్నారు, కాకినాడ తీసుకెళ్తున్నాం అన్నారు. లోవలక్ష్మి మండే ఆవాన్ని అలాగే వదిలేసి, కాళ్ళ మట్టి కడుక్కోకుండా బస్సెక్కింది. ఆవిడ వెళ్ళేసరికి మాట్లాడడానికి అక్కడెవరూ లేరు. పచ్చి బాలింత. పొత్తిళ్ళలో పిల్ల ఏడుస్తోంది, తల్లి పలకడం లేదు. ఆ చేతివేళ్ళ గోళ్ళ సందుల్లో ఇంకా మట్టి గీత ఉందని లోవలక్ష్మి చూసింది.

జాతర పెద్దలు వచ్చారు. ఇంటి బయటే నిలబడ్డారు. "మైలింటి కుండలు అమ్మవారికి పెట్టలేం కదమ్మా. ఏమనుకోకు" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు. వాళ్ళదేం తప్పు? వచ్చే ఏడు మళ్ళీ మీ ఇంటివే అని కూడా అన్నారు పాపం. చూశారా విడ్డూరం! పురిటి మైల తగలకూడదని కన్నకూతుర్ని దూరం పంపి కాచుకున్న కుండలు, చావు మైల తగిలి పెరట్లో ఉండిపోయాయి. లోవలక్ష్మి వాళ్ళని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రోజు నుంచీ ఆవిడ తిట్టడం మానేసింది. వీధికి ఏం తోచలేదు. సత్తియ్య తట్టుకోలేక ఒకరోజు కావాలనే మట్టిలో రాయి వదిలేశాడు. కాలికి తగిలింది. ఆవిడ వంగి, రాయి తీసి, పక్కన పెట్టి, మళ్ళీ తొక్కుకుంది. సత్తియ్య పెరట్లోకి వెళ్ళి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

గోలెం పచ్చిదిగానే పాకలో మూల ఉండిపోయింది. దాన్ని కాల్చమని సత్తియ్య అనలేడు, కాలుస్తానని ఆవిడ అనలేదు. వానలు ముదిరాయి. పాక కారితే గోలెం మీద పరదా కప్పింది. నేల చెమ్మగిల్లితే ఇటుకలు పెట్టి ఎత్తింది. అయినా అడుగున పొరలు పొరలుగా మట్టి రాలడం మొదలైంది. పచ్చికుండ బతుకు అంతే కదా, కాల్చకపోతే మళ్ళీ మన్నైపోతుంది. కాల్చితే నడుం దగ్గర పేలిపోతుంది. ఆవిడ రోజూ పరదా ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ఆ బొటనవేలి గుంటల్ని తడిమి మళ్ళీ కప్పేసేది.

వానలు వెనకబట్టాక గణేష్‌బాబు పిల్లనెత్తుకుని వచ్చాడు. కాసేపు కూర్చుని, మొహమాటపడుతూ అడిగాడు.

"అత్తయ్యగారండీ, గోలెంలో నీళ్ళతో పాపకి పోయాలని తను తెగ అనుకునేదండి. అది ఇస్తారాండి, తీసుకెళ్తాను."

"పచ్చి గోలెంలో నీళ్ళు నిలుస్తాయా బాబూ?" అంది లోవలక్ష్మి. పిల్లని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు దాని బొటనవేలు చూస్తూ కూర్చుంది. అల్లుడు వెళ్ళిన మర్నాడు పాకలోంచి ఎండుగడ్డి బయటికి లాగడం మొదలెట్టింది.

సత్తియ్య అడ్డం వచ్చాడు. "ఒక్కదానికి ఆవం ఏంటే? పగిలిపోద్దని నువ్వే అన్నావు. ఉన్నదాన్ని ఉండనియ్యి."

"అన్నాను. నేనన్నది అబద్ధం అవ్వాలయ్యా. నా జన్మలో ఈ ఒక్కసారి నా మాట అబద్ధం అవ్వాలి."

పిడకలు పేర్చారు, కొబ్బరి డొక్కలు, చిప్పలు పేర్చారు. మధ్యలో గోలేన్ని బాలింతని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. నిప్పు పెట్టేది ఎప్పుడూ సత్తియ్యే. ఆ వేళ ఆవిడ కొరివి లాక్కుంది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదా, కూతుర్ని వీధి చివరిదాకానే చూసింది. ఈ మంట మాత్రం ఆవిడ చేతులతోనే అంటుకుంది. గడ్డి గుప్పున లేచి గోలేన్ని కప్పేసింది. లోవలక్ష్మి చెవులు రిక్కించుకుని నేల మీద కూర్చుంది. పేలితే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆవిడకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

మధ్యాహ్నం ఠాప్‌మంది. "అయ్యో నా తల్లే!" అని లోవలక్ష్మి నేలకేసి తల బాదుకుంది. సత్తియ్య కర్రతో కుళ్ళగించి చూశాడు. కొబ్బరి చిప్ప ఒకటి పగిలింది, అంతే.

మర్నాడు బూడిద చల్లారాక విప్పారు. సత్తియ్యే బూడిద తోశాడు. ఎర్రగా, దోరగా, ఎక్కడా నెర్రె లేకుండా బయటపడింది గోలెం. లోవలక్ష్మి వేలు మడిచి నడుం మీద కొట్టింది. ఖంగుమంది. ఇంకోచోట కొట్టింది. అక్కడా ఖంగుమంది.

"ఇదెలాగయ్యా?" అంది నమ్మలేక. "పచ్చి నడుం మీద మెడెత్తింది కదా!"

సత్తియ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పచ్చిది కాదే. నువ్వు పెళ్ళికెళ్ళినప్పుడు నిప్పుల కుంపటి లోపలికి దింపి ఆరబెట్టుకుంది. మా అమ్మ చేసేది అలాగ, నేనెప్పుడో చెప్పాను దానికి. నిప్పులు మారుస్తా పక్కనే కూర్చుంది పిచ్చిది. నడుం ఆరాకే మెడెత్తింది."

"మరి నేను అన్నన్ని మాటలంటంటే చెప్పలేదేం? నువ్వైనా చెప్పలేదేం?"

"నేను చెప్పబోతే వద్దంది. కాల్చాక అమ్మే చూస్తుందిలే నాన్నా అంది. తర్వాత... అంత నిప్పులోకి వెళ్తే ఏమవుతుందో నాకేం తెలుసు? నీకు ఆశ పెట్టే ధైర్యం నాకు లేకపోయింది."

లోవలక్ష్మి గోలెం అంచు పట్టుకుని వంగి, చిన్నప్పుడు ఆ పిల్ల దూర్చినట్టు తల లోపలికి దూర్చింది. ఇంకా వెచ్చగా ఉంది. చుట్టు చుట్టుకీ కూతురి బొటనవేలు. చుట్లన్నీ సమంగా ఉన్నాయి. ఆ మాట బతికుండగా ఒక్కసారి అని ఉంటే ఎంత బాగుండేదో! ఇక ఆ గుర్తులు వానకి కరగవు, ఎన్నేళ్ళైనా పోవు.

"దుర్గా!" అని పిలిచింది.

"దుర్గా!" అంది గోలెం.

"పగల్లేదే అమ్మా" అంది లోవలక్ష్మి. "పగల్లేదే. ఇప్పుడేమననే?"

లోపలినుంచి ఆవిడ గొంతే తిరిగి వచ్చింది.