ఎఫీ పార్డీ మానేసిన మాత్ర

న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని మా ఊళ్ళో, పీతల ఫ్యాక్టరీలో పనిచేసే ఎఫీ పార్డీ చేతివేగం అందరికీ తెలుసు. ఆమె జబ్బు మాత్రం కొందరికే తెలుసు. తండ్రి వైపు నుంచి వచ్చిన వాపు జబ్బు అది. దురదా ఉండదు, దద్దురూ ఉండదు. చెయ్యో పెదవో ఉబ్బి, రెండు మూడు రోజులకు తగ్గుతుంది. గొంతు ఉబ్బితే ప్రాణం మీదికి వస్తుంది. ఆమె తండ్రి అలాగే పోయాడు.

వాపు రాకుండా ఎఫీ ఏళ్ళ తరబడి పాత మాత్ర ఒకటి వేసుకునేది. అది వాపును ఆపింది గానీ గడ్డం మొలిపించింది, గొంతు బొంగురు చేసింది. ఎఫీ చర్చిలో పాడటం మానుకుంది. అదే జబ్బున్న చెల్లెలు నోరాదేమో రెండు వారాలకోసారి పొట్టకు పొడుచుకునే ఇంజెక్షన్. ఆమెకు వాపూ లేదు, మీసమూ లేదు. సూదంటే భయమైతే రోజుకొకటి వేసుకునే కొత్త మందు కూడా ఉందనీ, కొందరికి కడుపునొప్పి తెస్తుందనీ, మందు మార్చమని వెళ్ళిన ఎఫీకి క్లినిక్ నర్సు చెప్పింది. ఎందుకు మార్చమంటున్నావని నర్సు అడిగేసరికి ఎఫీ నేలచూపులు చూసి, పాతదే బాగుందని వచ్చేసింది. రోజూ పొద్దున్నే గడియ పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నానని ఏ నోటితో చెబుతుంది? మొగుడు లియాండర్‌కే చెప్పలేదు. దేనిమీదైనా జోకులేసే ఊరు మాది. తప్పంతా ఎఫీదే అంటే నేనొప్పుకోను.

ఆ డిసెంబరులో ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసింది.

క్రిస్మస్ వెళ్ళిన రోజుల్లో మావాళ్ళు ముసుగులూ బొమ్మ ముఖాలూ తగిలించుకుని ఇళ్ళమీద పడతారు. గుర్తుపట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఇంటివాళ్ళు గిచ్చి, లాగి, ఎవరో కనిపెట్టాలి. అలాంటి సాయంత్రమే ఎఫీ ముఖం ఉబ్బింది. లియాండర్ ఇంట్లో లేడు. వాపు వచ్చాక పొడిచే ఇంజెక్షన్ నోరా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. నోరా పక్కింటి లవీనియా అత్త దగ్గర ఉంది. ఎఫీ అక్కడికి పరుగెత్తింది.

తలుపు తెరుచుకోగానే వంటగదిలో అందరూ గొల్లున నవ్వారు. పూడుకుపోయిన కళ్ళు, వేలాడే పెదవి చూసి, ఈ ఏటికి ఇదే మంచి వేషమన్నారు. నోరాను పిలవబోతే ఎఫీ గొంతులోంచి ఊపిరి పీల్చే చప్పుడు తప్ప మాట రాలేదు.

"గొంతు కూడా భలే మార్చాడే! నువ్వు లియాండర్‌వి కదట్రా?" అంటూ లవీనియా అత్త ఆ ముఖం ఊడబెరకడానికి గడ్డం పట్టుకుంది. వెచ్చటి చర్మం, గరుకు వెంట్రుకలు చేతికి తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, "నోరా, ఇది మీ అక్కే తల్లీ," అంది నెమ్మదిగా.

నోరా వెంటనే ఇంజెక్షన్ పొడిచింది. ఎఫీ బతికింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక లవీనియా అత్త రొట్టె కాల్చుకుని ఎఫీ ఇంటికి వచ్చింది. నీ ముఖం చూడలేకపోతున్నానని తలవంచుకు కూర్చుంది.

"మీరు నవ్వినప్పుడు నాకు హాయిగానే ఉందత్తా," అంది ఎఫీ. "వేషమే అనుకోనీలే అనుకున్నా. ఊపిరాడట్లేదని సైగ చెయ్యొచ్చు. చెయ్యలేదు. నువ్వు గడ్డం పట్టుకున్నాక మాత్రం, చచ్చిపోయినా బావుండేది అనిపించింది."

అత్త రొట్టె కోసి ఆమె ముందు పెట్టింది. క్లినిక్కుకు తనూ తోడు వస్తానంది.

చెల్లెలి ఇంజెక్షనే తనకూ కావాలని ఎఫీ అడిగింది. వెంట్రుకలు తగ్గుతాయనీ, గొంతు మాత్రం మునుపటిలా కాకపోవచ్చనీ నర్సు చెప్పి, మార్చడానికి కారణం అడిగింది. ఎఫీ ఆ పొద్దున గీసుకోలేదు. నర్సు చెయ్యి పట్టుకుని తన గడ్డానికి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుంది.