ఖాళీ ట్రే

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. నేను ఏలూరులో జనరల్ సర్జన్ని. అపెండిక్స్, హెర్నియా, గాల్ బ్లాడర్‌లో రాళ్ళు, షుగరుతో కుళ్ళిన కాళ్ళు, ఇదీ నా పని. ఇన్నేళ్ళుగా పొట్టలు కోసి చూస్తున్నాను, లోపల ఆత్మలాంటిదేదీ చేతికి తగల్లేదని ఇంట్లోవాళ్ళని ఏడిపిస్తుంటాను కూడా.

మా వైపు ఒక అలవాటుంది. ఆపరేషన్ కాగానే, తీసినదాన్ని ట్రేలో పెట్టి థియేటర్ తలుపు దగ్గర బంధువులకు చూపించాలి. రాయో గడ్డో కళ్ళారా చూస్తే గానీ వాళ్ళ మనసు కుదుటపడదు.

పెదపాడు దగ్గర చేపల చెరువు మీద పనిచేసే మనిషి ఒకాయన పేగు మూసుకుపోయి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. స్కానింగులో గడ్డ కనిపించింది. తీయగలననే అనుకున్నాను. వెంట భార్య ఒక్కతే ఉంది. తీశాక తప్పకుండా చూపించమని మరీ మరీ అడిగింది. సరేనన్నాను.

పట్టపగలే ఆపరేషన్ మొదలుపెట్టాం. లోపల చూడగానే నా చేతులు ఆగిపోయాయి. ఒక్క గడ్డ కాదు, పొట్టంతా పాకేసింది. పేగుకి పక్కదారి కలపడానికి కూడా చోటు లేదు. పరీక్షకు చిన్న ముక్క సీసాలో వేయించి కుట్లు వేసేశాను. ఇలాంటప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఇంత చదివి చివరికి చేసింది తెరవడం, మూయడం.

ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకుంటూ బయటికొచ్చాను. ఆమె బల్ల మీద ఒక చివరకు ఒదిగి కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే అంది.

"తెలుసండీ. ఇందాక పెద్ద డాక్టరుగారు వచ్చి ఖాళీ పళ్ళెం చూపించారండి. తీయడానికేం లేదమ్మా అన్నారండి."

మా దగ్గర సర్జన్ని నేనొక్కణ్ణే. మత్తు డాక్టరుగారు ఆడమనిషి, పైగా పేషెంటు తల దగ్గర నుంచి కదల్లేదు. థియేటరుకి ఉన్నది ఒకటే తలుపు, అందులోంచి ఎవరూ బయటికి వెళ్ళలేదు. ఎదురుగా మందుల కౌంటరులో ఉన్న అమ్మాయిని తర్వాత విడిగా అడిగాను. ఎవరూ రాలేదంది. కానీ పేషెంటు భార్య ఉన్నట్టుండి లేచి నిలబడి, పైట సర్దుకుని, ఎవరికో చోటిచ్చినట్టు బల్ల మీద పక్కకు జరిగి కూర్చుందట.

ఆ పెద్ద డాక్టరు చూడ్డానికి ఎలా ఉన్నారని ఆమెనే అడిగాను. ముఖానికి మాస్కు ఉందని, సరిగా చూడలేదని చెప్పింది. మళ్ళీ తనే అంది.

"చాలాసేపు నా పక్కనే కూర్చున్నారండి. ఇంకేం మాట్లాడలేదండి."

నేనెప్పుడూ నిలబడే చెప్పి వెళ్ళిపోతాను. బల్ల మీద ఆ చోటు ఇంకా అలాగే ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆమె భర్త ఆ నెల దాటలేదు. ఆరోజు వచ్చిందెవరో నాకిప్పటికీ తెలియదు, ఎంత ఆలోచించినా లెక్క తేలదు.

ఆ తర్వాత కూడా కొన్ని పొట్టలు అలాగే తెరిచి మూశాను. ప్రతిసారీ తలుపు తీసే ముందు, ఆయన వచ్చి చెప్పేసి ఉంటే బాగుండునని అనుకుంటాను. నమ్మకం లేనివాణ్ణి, సిగ్గు విడిచి అనుకుంటాను. ఎవరూ రారు. బయట వాళ్ళు ట్రే కోసం నా చేతుల వైపే చూస్తుంటారు.