కప్పల తొట్టిలో కొళాయి నీళ్లు

పట్టణానికి తాగునీరు శుద్ధిచేసే కేంద్రంలో, నీటిలో క్లోరిన్ ఎంత కలపాలో ఇరవై ఏళ్లుగా ఆయనే నిర్ణయిస్తున్నాడు. గాజునాళికలోని నీటిలో మందు చుక్కలు వేసి, తేలిన పసుపు రంగును వెలుతురుకు పట్టి చూస్తాడు గనుక తోటివారు ఆయనను చుక్కలయ్య అంటారు. ఆయన చేతిమీదుగా వచ్చిన నీటిని ఊరంతా నిశ్చింతగా తాగుతుంది. తన ఇంటి కప్పలకు మాత్రం ఆయన దానిని నేరుగా పోయడు. కప్ప నోటితో నీరు తాగదు. సృష్టికర్త దానికి ఒళ్లంతా నోరుగా ఇచ్చాడు. మనకు మేలుచేసే మందే దాని పలుచని చర్మాన్ని కాల్చివేస్తుంది. అందుకే వంటింటి మూల బకెట్టులో రోజంతా మూతలేకుండా నిలిచి, ఘాటు పోయిన నీరే గాజుతొట్టిలోకి చేరేది. అందులో రెండు చెట్టుకప్పలు తొమ్మిదేళ్లుగా చల్లగా బతుకుతున్నాయి.

ఆ ఉదయం పెద్ద గొట్టం పగిలింది. మురుగు కలిసిందేమోనన్న అనుమానంతో ఆయనే క్లోరిన్ రెట్టింపు చేశాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇవాళ కొళాయి నీళ్లు ఘాటుగా ఉంటాయి. అమ్మకు కాచి చల్లార్చినవే ఇవ్వు."

"తెలుస్తూనే ఉంది, ముక్కు పగిలిపోతోంది" అంది భార్య. "మా అక్క వచ్చిన దగ్గర్నుంచి ఇల్లు కడుగుతూనే ఉంది. మీ బకెట్టు కూడా పారబోసి, తోమి, కొత్త నీళ్లు పట్టింది."

ముద్ద చేతిలోనే ఆగింది. "తొట్టిలో పోసిందా?"

"ఇప్పుడే. మరిదికి ఒక పని తగ్గించానని మురిసిపోతోంది."

వెనుకనుంచి వదిన గొంతు వినిపించింది. "నిన్నటి నీళ్లు ఎవరైనా పోస్తారా? పాపం, అవీ ప్రాణులే కదా."

కోపగించుకునే వ్యవధి లేదు. "ఎలా ఉన్నాయో చూడు."

"పెద్దది అద్దానికి అతుక్కుంది. చిన్నది కాళ్లు చాపేసింది."

"అమ్మకు కాచి ఉంచిన నీళ్లలో ఘాటు ఉండదు. వాటితో చెయ్యి తడుపుకుని తీసి, ఆ నీళ్లలోనే పెట్టు. పొడిచేత్తో పట్టుకోకు."

"నేనా?" తొమ్మిదేళ్లలో ఆమె వాటిని ఒక్కసారీ ముట్టలేదు. "సరే, ఫోన్ పెట్టేయండి" అంది.

బదులు మనిషి వచ్చేదాకా ఆయన కదలడానికి లేదు. కిటికీకీ కొళాయికీ నడుమ తిరుగుతూ అదే నీటిని నాలుగుసార్లు పరీక్షించాడు; అదే పసుపు. భగవన్నామం పెదవులదాకా వచ్చి సగంలో తెగిపోతోంది. ఊరికి తాను చేసినది తప్పు కాదు. ఆ సంగతి మనసుకు ఎక్కడం లేదు.

ఇల్లు చేరేసరికి భార్య గిన్నె ముందు నేలమీద కూర్చుని ఉంది. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మంచే అనుకున్నాను మరిదీ."

"మీ తప్పు లేదు వదినా. చెప్పకపోవడం నాది."

పెద్దది గిన్నె అంచు ఎక్కింది. చిన్నది భార్య తడి అరచేతిలో ఉంది.

"నాలుగుసార్లు నీళ్లు మార్చాను. ఇందాకటిదాకా ఊపిరికి దీని గొంతు కదల్లేదండీ. ఇప్పుడు చూడండి."

కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"అత్తయ్యకు తాగడానికి చుక్క లేదు, కాచాలి" అంటూనే ఆమె లేవలేదు, చెయ్యి తీయలేదు. ఆయనే పొయ్యి వెలిగించాడు. నీళ్లు మరిగేలోపు ఎన్నిసార్లు వచ్చి ఆ గొంతును చూసి వెళ్లాడో ఆయనకే తెలియదు.