బట్టీ లింగయ్య, నాచు పొడి

నరసరావుపేట పొలిమేరలో ఉన్న ఫార్మసీ కాలేజీకి వెళ్లి అటెండరు లింగయ్య ఎక్కడని అడిగితే ఎవరైనా కాసేపు తల గోక్కుంటారు. బట్టీ లింగయ్య అని అడిగి చూడండి, వాచ్‌మన్ కుర్చీ లోంచి లేవకుండానే దారి చెప్పేస్తాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ఇరవై ఏళ్లు రాయి కాల్చి, ఆయాసం పట్టుకున్నాక ఈ కొలువులో చేరిన మనిషి మరి.

ల్యాబ్‌లో మఫిల్ ఫర్నేస్ అనే కరెంటు కొలిమి ఒకటుంది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. మొదటి రోజు దాన్ని చూసి "ఇదేం బట్టీ, దీంట్లో కందిపప్పు కూడా ఏగదు" అన్నాడు. అన్నాడే గానీ, వారం తిరక్కుండానే దాని తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ రోజు నుంచి లెక్చరర్లు కూడా అతన్ని బతిమాలుకోవలసిందే.

పెదకూరపాడు అమ్మాయి సింధు అక్కడే పరిశోధన చేస్తోంది. సూర్యలంక తీరం నుంచి తెచ్చిన నాచుని ఉడికించి, ఆ కషాయంలో జింకు ఉప్పు కలిపి, అడుగున దిగిన ముద్దని నాలుగు వందల డిగ్రీల్లో రెండు గంటలు కాలుస్తుంది. కంటికి ఆనని సన్నటి నానో రేణువులు రావాలి. పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియాని అవి చంపితే, రేపు వాటితో లేపనం చేయొచ్చని ఆమె ఆశ.

"సముద్రంలో పాచి కోసం అంత దూరం పోవాలా సింధమ్మా? మన మిరప తొడిమలు పనికిరావా?" అని లింగయ్య రోజూ ఏడిపించేవాడు.

ఆ బుధవారం సింధు ముద్ద నింపిన పింగాణీ గిన్నెని, అదే మూసని, కొలిమిలో పెట్టి, పని మీద గుంటూరు వెళ్లింది. రెండు గంటలయ్యాక లింగయ్య తలుపు తీసి చూశాడు. పొడి నిమ్మపండులా పచ్చగా ఉంది. అతని ప్రాణం గిలగిలలాడింది. బట్టీలో రాయి తెల్లగా రాలేదంటే పచ్చిగా ఉన్నట్టే కదా! పిల్లకి అనుభవం లేదు పాపం అనుకుని, మీట ఎనిమిది వందలకు తిప్పి ఇంకో గంట కాల్చాడు. తర్వాత ఆపేశాడు. సాయంత్రం సింధు చల్లారిన మూస తీస్తే లోపల పాలనురుగంత తెలుపు. లింగయ్య మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో ఆ పొడి పెట్టారు. మందు పనిచేస్తే దాని చుట్టూ బ్యాక్టీరియా చచ్చి ఖాళీ వలయం కనపడాలి. శుక్రవారం చూస్తే వలయం లేదు, సున్నా లేదు.

సింధు బల్ల మీద తల వాల్చేసింది. "నాచులోనే పస లేదు బాబాయ్. సోమవారం రివ్యూ. టాపిక్ మార్చుకుంటానని గైడు సార్‌కి చెప్పేస్తా. రెండేళ్లు వృథా."

లింగయ్య నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. కానీ ఆ పిల్ల తప్పంతా నాచు మీద వేసి వెళ్లిపోతుందే!

"నాచుది కాదమ్మా. నాది," అన్నాడు. "పచ్చగా ఉందని ఎనిమిది వందల్లో కాల్చినా."

సింధు తలెత్తింది. కోపం వచ్చింది, ఎందుకు రాదు! "అంత వేడికి రేణువులన్నీ అతుక్కుని గడ్డలైపోతాయి బాబాయ్. ఈ పొడి జింక్ ఆక్సైడ్, వేడి మీద పచ్చగానే ఉంటుంది. చల్లారితే అదే తెల్లబడుద్ది."

"దానంతటదేనా?"

"దానంతటదే."

ఇరవై ఏళ్ల విద్య ఆ ఒక్క మాటతో కూలబడింది. సీసాలో గుప్పెడు నాచు మిగిలి ఉంది. ఆ రోజే మళ్లీ ఉడికించారు. శనివారం మూస కొలిమిలోకి వెళ్లింది. రెండు గంటలకు కొలిమి ఆపి తలుపు తీస్తే మళ్లీ అదే పచ్చదనం. లింగయ్య చెయ్యి మీట వైపు పోయింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకుని, స్టూలు మీద బిగుసుకు కూర్చున్నాడు. చూస్తుండగానే పొడి మెల్లగా తెల్లబడింది. అతనికి కళ్లు చెమర్చాయి.

ఆ పొడి పెట్టిన కొత్త పళ్లెంలో సోమవారం పొద్దున రూపాయి బిళ్లంత ఖాళీ వలయం కనపడింది. సింధు గంతేసి, కొలిమి రిజిస్టరు అతని ముందు పెట్టి, "శనివారం కాల్చింది నువ్వే, నువ్వే రాయాలి" అంది.

లింగయ్య నాలుక కొరుక్కుంటూ వేడి గడిలో 400 అని రాశాడు. వివరాల గడి దగ్గర కాసేపు ఆగి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "నేను ముట్టుకోలేదు."