జానీ నిలబడే చోటు

రాజారత్నం చేతిలో పడ్డ పడవేదీ పాతదిగా మిగిలేది కాదు. గిలకలదిండి రేవులో ఎండకి పగిలి, ఉప్పుకి పొలుసులు లేచిన పడవని నాలుగు రోజుల్లో రంగులేసి పెళ్లికూతుర్ని చేసి పంపేవాడు. బందరులో ఎవరి పడవ నిగనిగలాడినా అది రత్నంగారి చెయ్యే అనేవారు. అటువంటి మనిషి, పంధొమ్మిదివందల అరవైమూడు చలికాలంలో, కొత్తగా రంగేసిన ఓడని పాతగా చెయ్యడం చేతకాక నానా తంటాలు పడ్డాడంటే వినేవాళ్లకి నవ్వొస్తుంది గానీ, ఆయనకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

ఓడంటే నిజం ఓడ కాదులెండి. రెండు మూరల బొమ్మ. పడవల షెడ్డులో మిగిలిన టేకు ముక్కతో తనే చెక్కుకున్నాడు. మన దేశానికి కొత్తగా వచ్చిన విమానాల ఓడ విక్రాంత్ బొమ్మ అది. దాని పైభాగమంతా కళ్లం చేసినట్టు చదునుగా ఉంటుంది. దాన్ని డెక్కు అంటారు. విమానాలు ఆ డెక్కు మీదే దిగుతాయి, అక్కణ్ణించే లేస్తాయి. ఎదురింటి ఆమినా బీ కొడుకు జానీ ఉద్యోగం ఆ డెక్కు మీదే.

ఆమినా బీది గుడ్డల మీద అద్దకం పని. మామగారి నాటి అచ్చులతో, రంగు కుండలతో, భర్త పోయాక ఒంటిచేత్తో ఇల్లు నడిపింది. జానీకి మాత్రం అచ్చుల మీద ధ్యాస లేదు. మూడేళ్ల కిందట ఒకరోజు వచ్చి, “నేవీలో చేరతాను, ఫారం నింపి పెట్టు మావయ్యా” అన్నాడు. రాజారత్నం నింపి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తనూ ఓడ ఎక్కుదామని వెళ్లి, ఛాతీ అంగుళం తక్కువై వెనక్కొచ్చిన మనిషే. మీ అమ్మకి చెప్పావా అని జానీని అడగడం మరిచిపోయాడు. మరిచిపోయాడో, అడగదల్చుకోలేదో, అది ఆయనకే తెలీదు.

“ఉన్న ఒక్కణ్ణీ సముద్రంలో పారేశావు కదా రత్నం!” అంది ఆమినా బీ ఆ రోజు. అంతే. గుమ్మానికి పరదా దించేసింది. మూడేళ్లుగా ఆయనతో మాట లేదు, కొడుకు ఉత్తరం ముట్టుకున్నదీ లేదు.

అప్పట్నించీ జానీ ఉత్తరాలు రాజారత్నం పేర వచ్చేవి. అరుగు మీద కూర్చుని గట్టిగా చదవమని భార్య సౌభాగ్యమ్మ ఉపాయం చెప్పింది. ఆయన గొంతెత్తగానే ఎదురింట్లో అచ్చులు కొట్టే చప్పుడు ఆగేది. చదవడం అయ్యాక మళ్లీ మొదలయ్యేది. మొన్నటి ఉత్తరంలో జానీ, “జనవరిలో నెల రోజులు సెలవు. అమ్మ రమ్మంటేనే వస్తాను మావయ్యా, లేకపోతే ఇక్కడే ఉండిపోతాను” అని రాశాడు. ఆ రోజు చప్పుడు చాలాసేపు ఆగింది. మాట మాత్రం రాలేదు.

కొడుకు ఎక్కడ నిలబడుతున్నాడో కంటితో చూస్తే ఆ తల్లి మనసు కరగదా అని ఈ బొమ్మ మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు సముద్రం గాలి వీస్తుంటే, ఉలి చేతిలో ఉండగానే ఎక్కడికో వెళ్లిపోయేవాడు. అరుగు మెల్లిగా ఊగేది. వీధి నీలంగా అయిపోయేది. అంగుళం పెరిగిన ఛాతీతో తనే డెక్కు మీద నిలబడి ఉండేవాడు, తెల్లటి నురగ రెండు పక్కలా విడిపోతూ ఉండేది.

“ఓడ దిగి అన్నానికి రండి, పులుసు చల్లారిపోతోంది!” అని సౌభాగ్యమ్మ కేకేసేది.

చివరికి డెక్కుకి బూడిదరంగు మూడు పూతలు వేశాడు. పడవ రంగేసే చెయ్యి కదా, అద్దంలా వచ్చింది. సౌభాగ్యమ్మ చూసి, “బాగానే ఉందండీ. కానీ దీనిమీద ఎవరూ నడిచినట్టు లేదు” అంది.

పాత ఉత్తరాలు తీసి చూసుకున్నాడు. నిజమే. డెక్కు మన పడవల్లా మెరవదని జానీ ఎప్పుడో రాశాడు. చక్రాల రబ్బరు చారలు, నూనె మరకలు, ఉప్పు. పొద్దున కడిగితే సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుందట. రాజారత్నం దీపం మసిని కిరసనాయిల్లో కలిపి పులిమాడు. బంగారంలాంటి రంగుని చేతులారా పాడుచేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఇంతా చేస్తే ఆ నునుపు మీద మసి నిలవదే! ఒకచోట జారిపోయింది, ఒకచోట ముద్దకట్టింది. విసుగెత్తి అరుగు మీద ఎండలో పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు.

ఎదురింటి పరదా కదిలింది. ఆమినా బీ వీధి దాటి వచ్చింది.

“ఏం నలుపయ్యా అది? అట్లపెనం అడుగులా ఉంది.”

మూడేళ్ల తర్వాత మొదటి మాట! రాజారత్నం గబుక్కున లేచాడు. “మసి కలిపాను ఆమినక్కా.”

“మసి పైపైనే ఉంటుంది. నలుపు లోపలికి దిగాలి. ఆ మెరుపంతా గీకేసి ఒట్టి చెక్క పట్టుకురా.”

గీకాడు. తన చేత్తో వేసిన మూడు పూతలూ గీకి, ఆమె వాకిట్లోకి తీసుకెళ్లాడు. నలుపు పట్టడానికి ఆమె ముందు కరక్కాయ నీళ్లు రెండుసార్లు పట్టించి ఎండబెట్టింది. ఇనప తుక్కు, బెల్లం వేసి వారాల తరబడి నానబెట్టిన కుండ మూత తీసి, పుల్లకి చుట్టిన గుడ్డ అందులో ముంచింది. చెక్క మీద పెడితే మొదట టీ నీళ్లలా ఉంది. చూస్తుండగానే సముద్రం మీద మబ్బు కమ్మినట్టు బూడిదరంగై, తర్వాత నల్లగా లోపలికి దిగింది. ఎవరూ పులమకుండానే ఆ చెక్క మీద ఏళ్లు గడిచిపోతున్నాయి. రాజారత్నానికి తన కాళ్ల కింద వాకిలి కూడా మెల్లిగా ఊగినట్టనిపించింది.

“చక్రాలు ఎటునించి వస్తాయి?” ఆమె తలెత్తకుండా అడిగింది.

“వెనకనించి అక్కా.”

సన్నటి చారలు గీసింది. ఉప్పు తిన్నచోట తడిగుడ్డతో పలచన చేసింది.

“వాడెక్కడ నిలబడతాడు?”

దీనికి ఉత్తరం చూసుకోనక్కర్లేదు. “ముందువైపు, కుడి అంచున. విమానం లేచేటప్పుడు జెండా ఊపుతాడు.”

ఆమె గుడ్డ మళ్లీ కుండలో ముంచింది. తర్వాత ఆ అంచంతా మరకలు పెట్టుకుంటూ వచ్చింది. బొటనవేలంత చోటు మాత్రం ముట్టుకోలేదు. పనిమంతుడు కదా, రాజారత్నం ఊరుకోలేకపోయాడు.

“అక్కడ వదిలేశావక్కా. ఆ అంచునే నూనె ఎక్కువని రాశాడు.”

“రాశాడు. నేను వినలేదూ?” అంది ఆమినా బీ. “వాడు నిలబడే చోట నూనేంటయ్యా? జారి నీళ్లలో పడితే?”

రాజారత్నం కళ్లు నిండిపోయాయి. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది.

“కార్డు ముక్క ఉంటే తీసుకొచ్చి వాడికి రాయి” అంది. “వాకిలంతా అద్దకాలు ఆరేసి ఉంటాయి. బూట్లు వీధిలోనే విప్పి లోపలికి రమ్మను.”