గుమ్మటం మీది రావి మొక్క

సాయిబు మావయ్య పోయారన్న మాట బజార్లో బియ్యం కొంటుండగా నా చెవిన పడింది. నమ్మలేదు. ఆ పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి. దర్గా గుమ్మటం మీంచి జారిపడ్డారట. చెప్పినవాణ్ణి కసిరాను కూడా.

ఆయన మా నర్సీపట్నం దర్గాకి ముజావరు, అంటే అక్కడి ఫకీరు గారి సమాధిని కనిపెట్టుకుని ఉండే మనిషి. మా అమ్మని చెల్లెలిగా చూసేవారు, అందుకే నాకు మావయ్య. ఆ ఫకీరు ఎక్కడినుంచో నడిచివచ్చి ఇక్కడ ఆగిపోయారనీ, ఆయన పోయాక అన్ని కులాలవాళ్ళూ రాళ్ళు మోశారనీ మావయ్యే చెప్పేవారు. నాలుగు కమానులు, మూలకో చిన్న మినారు, పైన గుమ్మటం. అంతా కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపిన గానుగ సున్నం. దూలం లేదు, ఇనుము లేదు. "ఒకదాని బుజం మీద ఒకటి ఆనుకున్నాయి బాబూ, అంతే," అనేవారు. మన్యం పితూరీ రోజుల్లో ఊరు తలుపులు బిగించుకున్నా, ఆయన సమాధి దగ్గర దీపం మానలేదు.

ఆ గుమ్మటానికి భయం ఒక్కటే, రావి మొక్క. పిట్టలు వేసిన గింజ పగుల్లో మొలుస్తుంది. వేరు దిగిందంటే గుమ్మటం రెండు చెక్కలే. మా తాపీవాళ్ళు సున్నం వేస్తారు గానీ రావి మీద చెయ్యి వెయ్యరు, పాపమని. మావయ్య వాళ్ళని ఒక్క మాట అనలేదు. వానలు వెనకబట్టగానే తనే నిచ్చెన ఎక్కేవారు. పీకిన మొక్కని తడిగుడ్డలో చుట్టి అమ్మకి తెచ్చిచ్చేవారు. "వేరు తెగనేదు సెల్లెమ్మా. బేగి నాటెయ్యి." అమ్మ బలిఘట్టం ఏటి గట్టున నాటేది. ఈ వయసులో ఎక్కడమేమిటని కోప్పడితే నవ్వి ఊరుకునేవారు.

నేను వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టారు. పిడికిలి మూసే ఉంది. అందులో రావి మొక్క, వేరుతో సహా. అమ్మ ఆ పిడికిలి మెల్లగా విప్పి మొక్కని తీసుకుంది. గుమ్మటం మీద ఇంకొకటి మిగిలిపోయింది.

నిన్న అమ్మ అడిగితే తాపీమేస్త్రి నిచ్చెన వేశాడు. దండం పెట్టుకుని, రెండు మెట్లెక్కి ఆగిపోయాడు. సెయ్యాడట్లేదమ్మా అన్నాడు.

"సంపమన్నానేటి? దించి నాకియ్యి. మా అన్నయ్య సేసింది అదే," అంది అమ్మ.

అతను పైకెక్కాడు. అమ్మ గోడవార నిలబడి, తల పైకెత్తి, రెండు చేతులా కొంగు పట్టింది.