తొమ్మిది ఫ్రిజ్‌ల పెరడు

మా బావ పెరట్లో ఒక ఫ్రిజ్ మనిషిని మింగింది. మింగడమంటే మరీ నమిలి మింగలేదు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్ భయపెట్టేది కాబట్టి కాస్త తగ్గించి చెబుతాను. నోట్లో పెట్టుకుంది, అంతే.

మా అక్క మొగుడు వడ్రంగి మేస్త్రీ. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లకు తలుపులు బిగించాడు. ఆయన బిగించిన తలుపు మూస్తే చప్పుడు కాదు, చీమ దూరే సందు ఉండదు. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసి, పెరటి వైపు గది అద్దెకిచ్చాడు. దిగినవాడు ఫ్రిజ్‌ల మెకానిక్. నెల తిరగకుండానే పెరట్లో ఒక పాడైన ఫ్రిజ్ నిలబడింది. ఆరు నెలలకు అవి తొమ్మిదయ్యాయి.

“ఏమయ్యా, ఇది పెరడా, నీ కొట్టా?” అని అడిగాడు బావ.

“రేపు ఆటో తెస్తా మేస్త్రీగారూ.”

“నీ రేపు ఏ సంవత్సరంలో వస్తుందో చెప్పు, అప్పటిదాకా బతికుండటానికి ప్రయత్నిస్తా.”

ఒక ఉదయం చూస్తే గది ఖాళీ. మంచం, గిన్నెలు, చివరికి బల్బు కూడా పట్టుకుపోయాడు. ఫోన్ ఎత్తడు. ఫ్రిజ్‌లు మాత్రం గోడ పొడవునా నిలబడి వంటింటి కిటికీలోకి చూస్తున్నాయి. అన్నీ పాతకాలం రకం. గొళ్లెం పడిందంటే బయటివాళ్లు తెరవాల్సిందే. ఎండ ముదిరేకొద్దీ వాటి రేకులు టక్కు టక్కుమనేవి, లోపల ఎవరో వేళ్లతో తడుతున్నట్టు.

“సెలవులకి పిల్ల వస్తోంది. ఆ తలుపులన్నా ఊడదీయండి, మీకదెంత పని?” అంది అక్క.

“పరాయి సామాను. రేపు వాడొచ్చి పాడుచేశావంటే? చూద్దాంలే, రేపు.”

“వాడి జబ్బు మీకూ అంటుకుంది.”

మనవరాలు వచ్చింది. ఏడేళ్లది, ఎక్కడ పడితే అక్కడ దూరుతుందని చిట్టెలుక అనేవాళ్లం. మూడో రోజు మధ్యాహ్నం అక్క బజారుకి వెళ్లింది. తాతా మనవరాలూ దాగుడుమూతలు మొదలుపెట్టారు. వంద దాకా లెక్కపెట్టమంది చిట్టెలుక. బావ వాలుకుర్చీలో కళ్లు మూసుకున్నాడు. అరవై దాకా ఆయనకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ఉండాల్సిన ఎండ గది మధ్యకు వచ్చేసింది. మంచం కింద లేదు. డాబా మీద లేదు. పెరట్లోకి వెళ్లాడు.

టక్కు. టక్కు. ఏ ఫ్రిజ్‌లోంచో తెలియలేదు. అన్నీ చప్పుడు చేస్తున్నాయి.

మొదటిది తెరిచాడు. ఖాళీ. రెండోదాంట్లో బొద్దింకలు. మూడోదాని గొళ్లెం తుప్పుపట్టి కదల్లేదు. రెండు చేతులతో లాగితే పిడి ఊడొచ్చింది. అప్పుడు కనిపించింది, ఆరోదాని తలుపు సందులో ఇరుక్కున్న ఎర్ర చెప్పు. ఆ వేలెడు సందు వల్లే గొళ్లెం పడలేదు.

లోపల పిల్ల మోకాళ్లు ముడుచుకుని, చెమటకు తడిసి ముద్దయి ఉంది. మూడుసార్లు తడితే గాని కళ్లు తెరవలేదు.

“వందకి ఇంతసేపా తాతా?” అంది.

అక్క వచ్చేసరికి తొమ్మిది తలుపులూ నేలమీద పడున్నాయి. ఇదేమిటంటే, “నువ్వేగా ఊడదీయమన్నావు,” అన్నాడు. వారం తిరక్కుండా ఇంట్లో తలుపులూ ఊడాయి. గదులవి, ఇనప బీరువాది, ఆఖరికి స్నానాలగదిది కూడా. ఇప్పుడు వాళ్లింటికి వెళ్లిన చుట్టాలు, లోపలున్నామని తెలియడానికి పాడుతూ స్నానం చేయాలి.

తాత తనకొక్కదానికే చెప్పాడంటూ చిట్టెలుక నా చెవిలో చెప్పిన ఈ సంగతంతా రాసి, నిన్న బావకు చదివి వినిపించాను. కళ్లజోడు తుడుచుకుంటూ ఆఖరిదాకా విన్నాడు.

“మా పెరట్లో ఫ్రిజ్‌లెప్పుడూ లేవు. నేను గది అద్దెకివ్వలేదు. నాకు పగటి నిద్ర అలవాటే లేదు.”

“మరి తలుపులేవి బావా?”

“చెదలు పట్టాయి.”

“ఇనప బీరువాక్కూడానా?”

“దానికే ముందు పట్టాయి. నువ్వు రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా జరగలేదు.”